దుంగ కింది గీత

కొవ్వూరులో మా వియ్యంకుడుగారు ఈ మధ్య ఒక పాత టేకు బల్ల కొన్నారు. రాజమండ్రి రేవులో మూతపడిన ఒక కలప డిపోలో చివరికి మిగిలిన సామానులో దొరికిందట. నలుగురు కూర్చోగలిగిన పొడవు, మూడంగుళాల మందం. కాళ్ళు కొట్టించి వీధరుగు మీద గోడవారగా వేయించారు. క్రిందటి వారం వాళ్ళింటికి వెళ్ళి దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉండగా నా చెయ్యి ఊరికే బల్ల వెనక అంచు మీదికి పోయింది. పైభాగం, ముందు అంచు చిత్రిక పట్టి నున్నగా చేశారు. గోడ వైపు అంచును ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎవరో బాడిసతో పైపైన గీకినట్టు సన్నటి పల్లం వేలికి తగిలింది.

వంగి బల్ల అడుగు తడిమాను. అడుగున రంపపు గీతలు అలాగే ఉన్నాయి. సన్నగా, దగ్గరదగ్గరగా, అన్నీ ఒకే వాలులో.

"ఏంటండీ బావగారూ, నల్లి కుట్టిందా?" అన్నారు వియ్యంకుడుగారు.

"ఈ బల్ల కోసినవాణ్ణి నేనెరుగుదును" అన్నాను.

"అలాగా! పేరేంటండి?"

చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఆ బల్ల కోయించిన ఏటి డైరీ తీశాను. ఇరవయ్యో ఏట నుంచీ రోజూ డైరీ రాయడం నా అలవాటు. దుంగ పొడవు ఉంది, వెడల్పు ఉంది, రంపానికి ఎన్ని పళ్ళో ఉంది, ఆ వేళ గాలి ఏ వైపు నుంచి వీచిందో కూడా ఉంది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి "పైవాడు", "కిందివాడు" అని రాసి ఊరుకున్నాను. ఆ కిందివాడి సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ డిపోలో నేను గుమస్తాని. ఎగువ నుంచి టేకు దుంగలు తెప్పలు కట్టుకుని గోదావరిలో దిగేవి. రేవులో ఒడ్డుకు లాగి, నాలుగు పక్కలా చెక్కించి, బల్లలుగా కోయించి అమ్మేవాళ్ళం. కోతకు నిలువెత్తు గొయ్యి ఉండేది. గొయ్యికి అడ్డంగా దూలాలు వేసి వాటి మీద దుంగను పెట్టేవారు. ఒకడు దుంగ మీద నిలబడి రంపం పైకి లాగుతాడు. ఇంకొకడు గొయ్యిలో నిలబడి కిందికి లాగుతాడు. కోత పడేది కిందికి లాగినప్పుడే. రంపపు పొట్టు అంతా రాలేది కిందివాడి మొహం మీదే.

ఇతను మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున చేపలు పట్టుకు బతికే కుటుంబంలోవాడు. నావలు కట్టే పనిలోంచి రంపపు పనికి వచ్చాడట. పైన నిలబడేవాడు అతని అక్క మొగుడు. నేను డిపోలో చేరేనాటికే ఇద్దరూ కలిసి ఎన్నో ఏళ్ళుగా ఒకే రంపం పట్టుకుని ఉన్నారు. బావ లావుపాటి మనిషి, నోరు ఎక్కువ. ఇతను సన్నగా, కొంచెం మెడ వంచి ఉండేవాడు. తడి తువ్వాలు తల మీదుగా కప్పుకుని రెండు కొసలూ పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవాడు. అందుకే అతని మాటలు ఎప్పుడూ సగం తువ్వాల్లోంచి వచ్చేవి.

"ఎండకి నీకు గొడుగునిరా నేను. పైనుండి నీడ ఇస్తున్నానా లేదా?" అనేవాడు బావ.

"గొడుగు కాదు బావా, చూరువి. పొద్దున్నించీ కారుతూనే ఉన్నావు" అనేవాడు ఇతను, మెడ మీద పడ్డ బావ చెమట తుడుచుకుంటూ.

లాగుతూ లాగుతూ ఉన్నట్టుండి ఆపేసేవాడు. "బావా, నువ్వు ఇంటికెళ్ళిపోయావు. దుంగ మీదికి రా." పైన బావ నవ్వేవాడు. నిజంగానే అతని మనసు ఇంకెక్కడో ఉండేది. రంపం లాగిన తీరుబట్టి ఇతను కిందనుంచి పసిగట్టేవాడు.

దుంగ గొయ్యి మీదికి ఎక్కగానే ఇతను చుట్టూ తిరిగి రెండు కొసలూ అరచేత్తో తడిమేవాడు. ఎప్పుడూ దుంగను దాటేవాడు కాదు, చుట్టి వచ్చేవాడు. మొదటి కోత పడ్డాక గుప్పెట్లో పొట్టు పట్టి, నలిపి, వాసన చూసి, కాస్త నాలుక కొసకు తగిలించుకునేవాడు. "ఇది కొండవాలు టేకండి, నీళ్ళు తక్కువ తాగింది" అనేవాడు. లేకపోతే, "ఇది చాలాకాలం ఇసకలో పడుందండి" అనేవాడు. తరవాత తప్పకుండా ఒక ప్రశ్న వేసేవాడు.

"దీని మీద ఎవరు కూర్చుంటారండి?"

నాకు అది వింతగా ఉండేది. కూర్చునేది ఎవరైతే అతనికెందుకు? ఒకసారి అడిగితే, "కూర్చునేదాన్ని ఒకలా కొయ్యాలి, నీళ్ళకుండ పెట్టేదాన్ని ఒకలా కొయ్యాలి కదండి. మనిషైతే కదులుతాడు" అన్నాడు.

నేను గొయ్యి దగ్గరికి వెళ్తే, నోరు విప్పకముందే "దణ్ణం గుమస్తాబాబూ" అనేవాడు. ఒక రోజు "చెప్పులు మార్చారేంటండి?" అన్నాడు. ఎంత గమనిక అనుకుని ఆ మాట డైరీలో రాసుకున్నాను. దణ్ణం పెట్టేటప్పుడు అతని మొహం నా వైపు కాకుండా కాస్త పక్కకి ఉండేది. కొంచెం పొగరు మనిషి అని అదీ రాసుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే రెండూ ఒకే పుటలో ఉన్నాయి. రెంటినీ కలిపి చూడాలని అప్పుడు తోచలేదు.

ఆ ఏడు రేవుకు ఎగువన ఆవిరి రంపపు మిల్లు వచ్చింది. గుండ్రటి పళ్ళ చక్రం గిర్రున తిరుగుతుంటే, మావాళ్ళకు మూడు రోజులు పట్టే పని ఒక పూటలో అయ్యేది. అదే సమయంలో మా షావుకారుగారికి పెద్ద బేరం తగిలింది. ఒక జమీందారుగారు కొత్త మేడకు సామాను చేయించుకుంటున్నారు. నమూనాలు కాగితాల మీద గీయించి పంపారు. అందులో ముఖ్యమైనది పెద్ద గుండ్రటి బల్ల. ఒకే దుంగలోంచి పక్కపక్కనే వచ్చిన బల్లలను పుస్తకం తెరిచినట్టు తెరిచి అతకాలి. చెట్టు లోపలి వలయాలు ఈ సగంలో మొదలై ఆ సగంలో తెగకుండా సాగాలి. దానితో పాటు వంపు వీపుల కుర్చీలు ఉన్నాయి.

ఏ పద్ధతిలో కోయించాలో తేల్చమని షావుకారుగారు నాకు అప్పజెప్పారు.

"మీరు పద్ధతి గల మనిషి. చూసి రాసివ్వండి. మీరు ఏది రాస్తే అదే. ఇక ముందు ఇలాంటి బేరాలన్నీ కూడా దాని ప్రకారమే నడుస్తాయి" అన్నారు.

ఆ మాటకు అర్థం గొయ్యి దగ్గర ఉన్న ఇద్దరికీ తెలుసు. మిల్లు నెగ్గితే గొయ్యి పూడ్చేస్తారు.

నేను ఒక మంచి దుంగ ఏరి అడ్డంగా రెండు ముక్కలు చేయించాను. ఒకటి మిల్లుకు, ఒకటి గొయ్యికి. ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీశాను. పట్టిన కాలం, పొట్టుగా పోయిన కలప, అంచు తీరు, గీత తప్పిందా లేదా. చివరన ఒక గడి మిగిలింది. దాని మీద "విశేషాలు" అని రాశాను. షావుకారుగారు అడగలేదు. కాగితంలో చోటు ఉందని గీశాను.

మిల్లు ముక్క ఆ పూటే తిరిగి వచ్చింది. చక్రం మందం కావడంతో ప్రతి కోతకూ చాలా కలప పొట్టైపోయింది. రెండు బల్లలు పక్కపక్కన పెడితే వలయాలు కలవలేదు. మధ్యలో ఒక వరస తినేసినట్టు ఎడం వచ్చింది. అక్కడక్కడ అంచు మాడి నల్లబడింది. అవన్నీ ఎక్కడివక్కడ రాశాను.

మర్నాడు గొయ్యి వంతు. దుంగ పై ముఖాన బావ కావిలో ముంచిన దారం లాగి కొట్టి ఎర్ర గీత వేసుకున్నాడు. కింది ముఖాన కూడా గీత ఉండాలన్నాను నేను.

"అక్కర్లేదండి, మాకు పైదే చాలు" అన్నాడు బావ.

"నీకు చాలు. కిందివాడు దేన్ని చూసి కోస్తాడు? పరీక్ష అన్నాక రెండు పక్కలా ఉండాలి."

"ఆయ్, బాబుగారి ఇష్టం, ఉండనీ బావా" అన్నాడు ఇతను గొయ్యిలోంచి.

బద్ధకం కొద్దీ వద్దంటున్నారనుకున్నాను. అతన్ని పైకి రమ్మని, నేనే గొయ్యిలోకి దిగి కొలిచాను. దుంగ ఇరవై అంగుళాల వెడల్పు. పైన ఎడమ అంచు నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర గీత ఉంది. కింద కూడా ఎడమ అంచు నుంచే తొమ్మిది కొలిచి కావి గీత కొట్టించాను. పైన దుంగ మీద నిలబడినవాడి ఎడమ, కింద అతనికి ఎదురుగా నిలబడి మొహం ఎత్తినవాడికి కుడి అవుతుందని నాకు తట్టలేదు. నా గీత రెండంగుళాలు అవతల పడింది.

కోత మొదలై ఒక బార పొడుగు సాగాక వంగి చూశాను. రంపం నా గీతను వదిలేసి పోతోంది.

"ఆపండి! గీత తప్పారు!" అని అరిచాను.

"నేను గీత మీదే ఉన్నానండి" అన్నాడు పైనుంచి బావ.

గొయ్యిలోకి దిగాను. "ఇదిగో గీత. ఎర్రగా ఇంత ఉంటే కనబడటం లేదా?"

అతను తువ్వాలు కొసలు నోట్లోంచి వదిలాడు. చెయ్యెత్తి దుంగ అడుగు తడిమాడు. వేళ్ళు గీతకు జానెడు దూరంలో తిరిగాయి. మెల్లిగా, వెతుక్కుంటూ.

"ఏ గీతండి?" అన్నాడు.

అప్పుడు అతని కళ్ళు దగ్గరగా చూశాను. రెండూ పాలు పోసినట్టున్నాయి. ఎన్నేళ్ళ పొట్టు ఆ కళ్ళలో పడిందో! పైన బావ రంపం పిడి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి అతనే తూకపు గుండు కట్టిన దారం నాకు అందించాడు. పైకెక్కి దుంగ కొసన పై గీత నుంచి వేలాడదీసి చూశాను. గుండు సరిగ్గా రంపం కోసిన చాలులోకి దిగింది. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పింది నా గీత. అతనికి చూపు ఉండి నా గీతను నమ్మి కోసుంటే కోత వంకరపోయి అంత దుంగా పాడయ్యేది.

దారం చుట్టి బావకు తిరిగి ఇచ్చాను.

"కానివ్వండి" అన్నాను. కానిచ్చారు.

ఆ రాత ఇంకా నా దగ్గర ఉంది. నకలు తీసి ఉంచుకున్నాను. పొట్టు: మిల్లులో పోయినదానిలో మూడోవంతు. అంచు: శుభ్రం. గీత: తప్పలేదు. వలయాలు: కలిశాయి. విశేషాలు: "కిందివాడికి చూపు బొత్తిగా లేదు. గీత కనబడదు."

రాసినది అక్షరాలా నిజం. నా కింది గీత గురించి ఏ గడిలోనూ రాయలేదు. దానికి గడి లేదు అనుకున్నాను.

కోత పూర్తయిన మర్నాడు షావుకారుగారు వచ్చి బల్లలు చూశారు. దుంగ కింది ముఖమే బల్లకు అంచు అవుతుంది కనుక, నా ఎర్ర గీత అక్కడ కనబడుతుందేమోనని భయపడ్డాను. కనబడలేదు. రాత్రి వాన పడింది, కొట్టుకుపోయి ఉంటుంది, బతికాను అనుకున్నాను. గొయ్యి బల్లలు రెండూ తెరిచి పెడితే చెట్టు అటూ ఇటూ ఒక్కటిగా సాగింది. ఆయన దాని మీద చెయ్యి వేసి, "ఇంకేం చూడాలండీ, గొయ్యికే ఇచ్చేద్దాం" అన్నారు. బావ మొహం వెలిగిపోయింది. ఆ తరవాత ఆయన కాగితం చివరిదాకా చదివారు.

"చూపు లేదా?"

బావ తల దించుకున్నాడు.

"ఏమయ్యా, చూపు లేనివాణ్ణి గొయ్యిలో దింపి నెత్తిన అంత దుంగ పెడుతున్నావా? జారితే పక్కకి తప్పుకోగలడా? ఆ పాపం ఎవరిది?" అన్నారు బావతో. ఆయన కోపంలో దుర్మార్గం లేదు. నిజంగా భయపడ్డారు.

"ఇన్నేళ్ళలో గోరు కూడా చితకలేదండి. నా కంటే వాడే ముందు పసిగడతాడండి" అన్నాడు బావ. 

షావుకారుగారు నా వైపు తిరిగారు. "మీరు దగ్గరుండి చూశారు. ఏమంటారు?"

ఒక్క మాట చాలు. గీసింది తప్పు గీత, అది కనబడనందుకే దుంగ దక్కింది, అతనికి దారి చూపేది కళ్ళు కాదు అని చెబితే చాలు. ఇరవైమంది కూలీలు చుట్టూ ఉన్నారు. ఎడమా కుడీ తెలియని గుమస్తా అని వాళ్ళందరి ముందూ ఒప్పుకోవాలి. అతను పక్కన నిలబడి ఉన్నాడు. మొహం ఎప్పటిలా పక్కకి తిరిగి ఉంది, చెవి మాత్రం నా వైపు ఉంది. నా మాట కోసం చూస్తున్నాడని తెలుసు.

"రాసినదంతా నిజమేనండి" అన్నాను.

బేరం మిల్లుకు వెళ్ళింది. గొయ్యిలో కోసిన బల్లలు డిపోలోనే ఉండిపోయాయి. మూడు రోజుల్లో గొయ్యి పూడ్చారు.

ఆ వారం చివర రేవులో కనబడ్డారు ఇద్దరూ. రంపాన్ని గోనెలో చుట్టుకుని కాలవ పడవ కోసం కూర్చున్నారు. బావ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోదామనుకున్నాను.

"దణ్ణం గుమస్తాబాబూ" అన్నాడు ఇతను.

ఆగక తప్పలేదు. "ఊరికా?" అన్నాను.

"ఆయ్. అక్కడ నావల పనేదో ఉంటుంది లెండి. జమీందారుగారి గుండ్రబల్ల ఎంతవరకొచ్చిందండి?"

"మిల్లులో కోస్తున్నారు."

"దాని చుట్టూ ఎవరు కూర్చుంటారండి?"

"వాళ్ళ బంధువులు, పెద్దమనుషులు."

"పెద్దోళ్ళయితే కిందికి చూడరు లెండి" అని నవ్వాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు. "బాబూ, మీ ఎర్ర గీత బల్ల అంచున ఉండిపోయిందని బావ చెప్పాడండి. షావుకారుగారు చూస్తే మీకు మాటొస్తుందని తెల్లారకుండానే బాడిసతో గీకేశాం. మీరేమీ మనసులో పెట్టుకోకండి."



"చెప్తారనుకున్నాంరా! ఆ వేళ ఒక్క మాట చెప్తారనుకున్నాం!" అన్నాడు బావ, నా వైపు చూడకుండా, అతనితోనే.

"ఊరుకో బావా. రాసుకునేవాళ్ళకి రాసింది దాటి మాట్లాడటం కష్టం" అన్నాడు ఇతను. అందులో వెటకారం ఉందేమోనని ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను. నాకు దొరకలేదు. ఉంటే బాగుండేది.

పడవ వచ్చింది. పడవవాడు చెయ్యి అందిస్తే ఇతను పట్టుకోలేదు. నీళ్ళు పడవ పక్కకు తగిలే చప్పుడు ఒక్క క్షణం విని, తిన్నగా అడుగు లోపల పెట్టాడు.

మర్నాడు షావుకారుగారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాలనే వెళ్ళాను. ఆయన మిల్లుకు పోయే బండ్లకు దుంగలు ఎక్కిస్తూ, "బాగా పనికొచ్చిందండి మీ రాత, ఒక ప్రాణం కాపాడారు" అన్నారు. తల ఊపి వచ్చేశాను. ఆ రోజు డైరీలో "షావుకారుగారు మెచ్చుకున్నారు" అని మాత్రం ఉంది.

గుండ్రబల్ల తయారై మేడకు వెళ్ళింది. మధ్య అతుకు దగ్గర వలయాలు కలవలేదు. జమీందారుగారు గాని, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు గాని ఆ సంగతి గమనించినట్టు నేను వినలేదు.

కొవ్వూరు నుంచి వచ్చాక ఊరుకోలేక, మొగల్తూరు వైపు తిరిగే పడవవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని ఆనవాళ్ళు చెప్పి అడిగాను.

"రంపం తాతా? పోయి రెండేళ్ళయిందండి. వాళ్ళ బావ ముందే పోయాడు. ఆఖరిదాకా ఇసకలో కూర్చుని వలలు బాగుచేసేవాడండి. వల కన్ను తెగిన చోట వేలు పెడితే చాలు, ముడి పడిపోయేది."

"పేరేంటి?"

"ఏమోనండి. మేమంతా తాతనే అనేవాళ్ళం."

నిన్న మళ్ళీ రైలు వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. వియ్యంకురాలుగారు గడపకు కావి కలిపి ఉంచారు. చిన్న గిన్నెలో అడిగి తీసుకుని, నూలు దారం అందులో ముంచాను.

"బావగారూ, బల్ల కొంచెం ముందుకు లాగి ఈ కొస పట్టుకోండి" అన్నాను.

"ఏంటండీ ఇది! అరుగు మీది బల్లకి కూడా గీతలేనా?" అంటూనే పట్టుకున్నారు.

గీకిన పల్లం మీద దారం బిగించి, మధ్యలో ఎత్తి వదిలాను. అంచు పొడవునా ఎర్ర గీత పడింది, అది మొదట ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ.

"ఈ గీత తప్పండి. గీసింది నేను" అని మొదలుపెట్టి, దుంగను రెండు ముక్కలు చేయించిన దగ్గర నుంచి రేవులో పడవ కదిలినదాకా ఒకటీ వదలకుండా చెప్పాను. ఈ సంగతి నోటితో ఒకరికి చెప్పడం అదే మొదలు.

 దారం కొస ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది. తరవాత ఆయన లేచి నన్ను అటు పట్టుకోమన్నారు; బల్లను ఇద్దరం ఎత్తి తిప్పాం. నున్నటి అంచు గోడ వైపు వెళ్ళింది. ఎర్ర గీత ఉన్న అంచు వీధిలో పోయేవాళ్ళకు కనబడేలా వేశారు.